గవరమ్మ దడికి మూడు ధరలు

అనగా అనగా, కోటలు కట్టించుకునే రాజులు ఎందరున్నా, పేదవాళ్ళ పెరటికి మాత్రం ఎవరి దడి వాళ్ళే కట్టించుకునే రోజుల్లో, ఒక ఊళ్ళో గవరమ్మ ఉండేది. మొగుడు పోయాడు. ఇంటి చుట్టూ చేమంతులు పెంచి, ఆ పూలమ్మి పిల్లల్ని సాకేది.

ఆ ఏడు దడికి చెదలు పట్టి ఒరిగిపోయింది. ఆ సంగతి గవరమ్మ కన్నా ముందు ఊళ్ళో మేకలకు తెలిసింది. చేమంతి నారంతా మేసిపోయాయి. ఆమె మళ్ళీ నారు పోసింది. మొక్క నిలదొక్కుకునేలోగా దడి లేవకపోతే పూలు లేవు, పొయ్యిలో నిప్పు లేదు. ఉన్నవల్లా కాళ్ళకున్న వెండి కడియాలు. అవి అమ్మి తప్పుడు మనిషి చేతిలో పోస్తే, రెండోసారి అమ్మడానికి ఇంకేమీ లేదు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. దడి కట్టేవాడు పాత గుంజ మీద చెయ్యి వేసి ధర చెప్పాలి. చెప్పాక, పాత దడి పీకినందుకని గానీ చెత్త మోసినందుకని గానీ మరొక కాసు అడగకూడదు.

ముందు కోటప్ప వచ్చాడు. అరుగు మీద కూర్చుని తాంబూలం నములుతూ, లేవకుండానే ఇరవై రూకలన్నాడు. గవరమ్మ గుంజ మీద చెయ్యి వేసి చెప్పమంది.

“ముందు పాతది పీకనీ అక్కా. మిగతావి అప్పుడు చూసుకుందాం,” అన్నాడు.

పిల్లలూ, ఈ ‘అప్పుడు చూసుకుందాం’ ఎన్ని కొంపలు ముంచిందో నేను కళ్ళారా చూశాను. పాత దడి పోయి, మేకలు గుమ్మంలోకొచ్చాక వాడు ఎంతంటే అంత. గవరమ్మకీ ఆ మాత్రం తెలుసు. ఇంకో తాంబూలం ఇచ్చి సాగనంపింది.

తర్వాత పుల్లయ్య వచ్చాడు. పెరడంతా కలియదిరిగి, గుంజ మీద చెయ్యి వేసి యాభై అన్నాడు. కానీ అతని చూపు గుంజ మీద లేదు, గవరమ్మ పాదాల మీద ఉంది. రేపు రమ్మంది.

చివరికి దాలప్ప వచ్చాడు. తాడు పట్టుకుని నాలుగు వైపులా కొలిచాడు. గుంజల మొదళ్ళు తవ్వి, గట్టివాటిని మళ్ళీ వాడతానన్నాడు. వెదురు, కూలి, పాతది పీకి మోసే ఖర్చు అన్నీ కలిపి, గుంజ మీద చెయ్యి వేసి ముప్పై రెండన్నాడు. అతన్నీ రేపు రమ్మంది.

మర్నాడు గవరమ్మ కడియాలు తీసి దాచి, చిరుగుల చీర కట్టుకుని, ఇద్దర్నీ మళ్ళీ ధర చెప్పమంది. పుల్లయ్య ఆమె బోసి కాళ్ళు చూసి ముప్పైకి దిగాడు. ఆమె కష్టం చూడలేక తగ్గించానన్నాడు.

“రాత్రికి రాత్రి నా దడి పొడుగు తగ్గలేదు పుల్లయ్యన్నా. నిన్న నువ్వు కొలిచింది నా కడియాలని. ఇవాళ తగ్గించిన ఇరవై నా దడిలోంచే తీస్తావు. వెళ్ళిరా,” అంది గవరమ్మ.

దాలప్ప మాత్రం ఆమె కాళ్ళ వంక చూడనే లేదు. “నిన్న చెప్పిందే అక్కా. తెల్లారేసరికి వెదురు చవకవదు కదా,” అన్నాడు. గవరమ్మ కడియాలు అమ్మి, పని అతనికే ఇచ్చింది.

సగం పనయ్యాక, ముళ్ళపొద ఉన్న మూల తవ్వితే బండ తగిలింది. గవరమ్మ తన బోసి కాళ్ళ వంక చూసుకుంది. ఇక అమ్మడానికి ఏముంది?

దాలప్ప గడ్డపార అందుకున్నాడు. “ముళ్ళకు భయపడి ఈ మూల తవ్వి చూడనిది నేను. ఈ కష్టం నాదే,” అన్నాడు.

ఆ ఏడు మేకలు దడి బయట నిలబడి చేమంతుల్ని చూశాయి, అంతే. ఊళ్ళో ఎవరి దడి ఒరిగినా కబురు దాలప్పకే వెళ్ళింది.

తక్కువ చెప్పాడని ఎవణ్ణీ నమ్మకండి, ఎక్కువ చెప్పాడనీ నమ్మకండి. పనిని చూసి ధర చెప్పి, తనకు నష్టమొచ్చినా ఆ మాట మీద నిలబడేవాణ్ణి నమ్మండి.