కోసి చూడని కత్తి

అనగనగా అంటే మరీ అనగనగా. మీ తాతకి తాత ఇంకా పుట్టని రోజులు. ఊ కొట్టండి, చెబుతాను.

ఒక ఏటి రేవులో పడవ నడిపే గంగులు అని ఒకడు ఉండేవాడు. పెళ్ళాం పైడితల్లి. గెడ వేసి జనాన్ని దాటించడం అతని పని. మనసు మాత్రం కత్తి మీద. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అన్నారు కదా. వడ్రంగి చెక్కని రాకి రాకి అరిగాయని పారేసిన ఆకురాళ్ళు మూడు తెచ్చుకుని, పేరుకి రాళ్ళే గాని గట్టి ఇనుమని మురిసిపోయి, కొలిమి పెట్టుకున్నాడు.

మొదటిదాన్ని కత్తిగా సాగగొట్టి, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. టప్పుమని చిట్లింది. రెండోదాన్ని భయపడి బూడిదలో చల్లార్చాడు. దోసకాయ మీద పెడితే అంచు మడతపడింది. మూడోదాన్ని ఆముదంలో ముంచాడు. గట్టిపడింది. కానీ అలా వదిలేస్తే పెళుసు, మళ్ళీ సన్నసెగ మీద తేనెరంగు తేలేదాకా ఉంచమని కమ్మరి చెప్పాడు. ఉంచాడు. మెత్తబడిపోతుందేమోనని ప్రాణం ఆగక, రంగు రాకముందే తీసేశాడు.

అక్కణ్ణించి ఒకటే దిగులు. విరుగుతుందేమో, విరుగుతుందేమో. అందుకని దేన్నీ కోయడు. నూరతాడు, తుడుస్తాడు, మొలలో దోపుకుంటాడు. పైడితల్లి ఆనపకాయ కోయమంటే రేపన్నాడు. వెదురు కోయమంటే రేపన్నాడు. తాడుముక్కయినా కోసి చూడమంటే, అదీ రేపే అన్నాడు.

ఆ రేవులో ఒడ్డు నుంచి ఒడ్డుకి మోకు కట్టి, పడవ ముక్కుని తాడుతో దానికి తగిలించి దాటేవారు. వానాకాలం ఒకనాడు నిండా జనం, వాళ్ళలో పైడితల్లి. నడి ఏట్లో ఉండగా పెద్ద మాను కొట్టుకొచ్చి మోకులో చిక్కుకుని దాన్ని కిందికి లాగేసింది. పడవ ముక్కు నీళ్ళలోకి దిగిపోతోంది. తడిసి బిగిసిన ముడి ఊడిరాదు. పడవ తాడు తెగితే దిగువన ఏటి వంపు దగ్గర ఒడ్డెక్కొచ్చు. తెగకపోతే అందరూ ఏటిపాలే.

"కొయ్యి మావా," అంది పైడితల్లి.

గంగులు కత్తి తీశాడు. విరిగితే ఇంకోటి లేదు. భయపడుతూనే మొదలుపెట్టాడు. ముప్పురి తాడది. మొదటి పురి తెగింది. రెండో పురి తెగింది. మూడో పురి మీద కత్తి విరిగింది.

పిడికి వేలెడు ముక్క మిగిలింది.

"గెడ నువ్వు పట్టుకో పైడీ," అన్నాడు.

తాడు మీదకి పూర్తిగా వంగి ఆ ముక్కతోనే కోశాడు, కోశాడు. తెగింది. తెగిన తాడు విసురుగా తగిలి అతన్ని ఏట్లో పడేసింది. పైడితల్లి ఏడుస్తూనే గెడ వేసింది. జనమంతా ఒడ్డెక్కారు. గంగులు మాత్రం దొరకలేదు.

వరద తీశాక కొత్త పడవవాడొచ్చాడు. మొలలో కత్తి. పైడితల్లి ఎక్కబోతూ ఆగిపోయింది.

"కోసి చూశావా నాయనా?"

లేదన్నాడు. అయితే ఎక్కనంది. వాడు అక్కడే తాడుముక్క ఒకటి కోసి చూపించాకే ఎక్కింది.

ఇప్పటికీ ఆ ఏటి మీద అంతే. గెడ వేసేముందు ఎవరో ఒకరు అడుగుతారు, కోసి చూశావా అని. పడవవాడు తాడుముక్క కోసి నీళ్ళలో వేస్తాడు. ఎక్కినవాళ్ళంతా ఏటి వైపు తిరిగి, "తెగిందిలే గంగులూ, దిగులుపడకు," అంటారు.