చింతగొంది కనుమలో తలరాళ్ల తల్లి

తల్లి దర్శనానికి వచ్చే భక్తులకు మనవి. జీపు కొండ కిందే ఆగిపోతుంది. అక్కడి నుంచి రెండు గంటల నడక. కనుమ ఎత్తు మూడున్నర వేల అడుగులు. పుష్యమాసంలో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. చుట్టూ తొమ్మిది గూడేలు. జనాభా మూడు వందల పది అని దారి మొదట్లో బోర్డు ఉంది. దాన్ని నమ్మకండి. ఎందుకు నమ్మకూడదో చెప్పడానికే ఈ పుస్తకం. ఇక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. ఈ గులకరాళ్ల గుట్టే తల్లి.

పూర్వం ఇక్కడ, దొరల కాలంలో, ఘాటు రోడ్డు పని పడింది. ఎన్ని తలలుంటే అంత వెట్టి అన్నారు. తలలు లెక్కపెట్టడానికి వచ్చిన గుమాస్తా ఆయాసంతో ఈ కనుమలోనే కూలబడి, మనిషికొక రాయి తెచ్చి పడేయమన్నాడు. గూడెం పెద్ద వంతాల సుక్రయ్య తన జనాన్ని కాపాడుకోదలచి, తక్కువ రాళ్లు తెమ్మని ఇంటింటికీ చెప్పాడు. వంద మంది గూడెం అరవై రాళ్లయింది. వెట్టి తగ్గింది. సుక్రయ్య తెలివిని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరా మరి!

మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. కరువు సాయమని కొండ కింద చోళ్లు, అంటే రాగులు, పంచారు. గుమాస్తా పాత లెక్కే తీశాడు: రాయికొక కుంచం. అరవై మంది కూడు వంద మంది పంచుకుంటే ఎవరికి సరిపోతుంది? సుక్రయ్య తమ్ముడి భార్య గాసమ్మ విధవరాలు. ఆమె ఇద్దరు పిల్లలు లెక్కలో లేరు. ఆమె రెండు రాళ్లు ఒడిలో కట్టుకుని దిగింది. ఆనాడు లేనివాళ్లు ఈనాడెలా పుట్టుకొచ్చారని గుమాస్తా కసిరాడు. సుక్రయ్య పక్కనే ఉన్నాడు.

"నా పిల్లలున్నారని నువ్వైనా చెప్పు బావా," అంది గాసమ్మ.

చెబితే దాచిన మగవాళ్లను రోడ్డుకు ఈడ్చుకుపోతారు. సుక్రయ్య తల వంచుకున్నాడు. పది రోజుల్లో ఇద్దరు పిల్లలూ పోయారు.

ఆ తెల్లవారుజామున కొండతల్లి అతని కలలోకి వచ్చింది. "బిడ్డల్ని వెట్టికి దాచావు, మంచిదే. కూటి దగ్గర ఎందుకు దాచావురా?" అని అడిగింది.

సుక్రయ్య లేచి, గాసమ్మ పిల్లలవి పోగా మిగిలిన ముప్పై ఎనిమిది రాళ్లూ మోసుకొచ్చి, ఒక్కొక్క పేరూ పలుకుతూ గుట్టలో చేర్చాడు. పోయిన ఇద్దరి పేర్లూ పలికాడు. పిదప దిగి నిజం చెప్పాడు. చోళ్లు వచ్చాయి. అతనితో పాటు పద్దెనిమిది మందిని రోడ్డు పనికి తోలుకుపోయారు. ఏడుగురు తిరిగొచ్చారు. సుక్రయ్య రాలేదు.

నాటి నుంచి కనుమ దాటేవారు ఇంట్లో ఎందరుంటే అన్ని రాళ్లు, పేరు పలికి వేస్తారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఒకటి ఎక్కువ వేస్తారు. మాఘమాసం జాతరలో రాయికొక దొప్ప అంబలి పోస్తాము, ఊరేదని అడగము. మొన్న జనాభా లెక్కకు వచ్చినవారు కూడా జీపు దిగలేదు. నిరుటి జాతరలో మేము పోసిన దొప్పలు నాలుగు వందల నలభై.

తల్లిని నమ్మి రాయి వేసినవారి ఇంట ఆకలి ఉండదని పెద్దలు చెబుతారు. గాసమ్మ తెచ్చిన రెండు రాళ్లు గుట్టలో కలపలేదు, విడిగానే ఉన్నాయి. మొదటి రెండు దొప్పలు వాటి ముందు పెడతాము. భక్తులు వాటిని ముట్టరాదు. అవి ఆ పిల్లలవి.