గానుగెద్దు మెడ మీద నక్క పాదాలు

ఉదయం ఆరూ పదికి సూరప్పడు గానుగెద్దు కళ్లకు గంతలు కట్టి, టీ తాగడానికి వీధి చివరికి వెళ్లాడు. ఎద్దు మెడలో గంట మోగుతున్నంతసేపూ అతనికి నిశ్చింత. గంట ఆగితే కర్ర పుచ్చుకుని వచ్చేస్తాడు.

ఆ గానుగకు ఒకప్పుడు రెండు ఎద్దులు. పూటకొకటి తిరిగేవి. సాయంత్రం కాడి దిగాక ఒకదాని మెడ మరొకటి నాకేది. కిందటి వానల్లో ఒకటి చచ్చిపోయింది. ఆ తర్వాత రెండోదాని మెడను కాడి తప్ప ఏదీ తాకలేదు. కాడి ఒరిసిన చోట కండ గట్టిపడి గుప్పెడంత ముడి కట్టింది. తల ఎడమకు తిరగడం మానేసింది.

ఆ రోజు వీపు మీదికి ఏదో దూకింది.

"ఎవరది?"

"నక్కని, బావా. నడుస్తూ ఉండు. ఆగావంటే ఇద్దరికీ దెబ్బలే."

"దిగు."

"దిగుతాలే. ఈ మెడేమిటి, రోకలి మింగినట్టుంది?"

నక్క పాదాల మీద బరువు మోపి తొక్కింది. ముందు ముడి చుట్టూ, తర్వాత ముడి మీద. మొదట నొప్పి. మూడో చుట్టుకు చర్మం వెచ్చబడింది. పదో చుట్టుకు ఊపిరి నిదానించింది, చెవులు వేలాడాయి, నోట్లోంచి చొంగ కారింది.

"మూతి తుడుచుకో బావా, పెళ్లివారు చూస్తారు," అంది నక్క.

ఇరవై రోజులు ఇలాగే గడిచాయి. తల ఎడమకు తిరిగింది. ఎద్దు తెల్లవారడం కోసం ఎదురుచూడసాగింది.

ఒక మధ్యాహ్నం గోరింక వచ్చి కొమ్ము మీద వాలింది.

"మీ వైద్యుడుగారు పోతూ పోతూ తెలగపిండి నోట కరుచుకుపోతున్నాడు. గంతలు కట్టుకున్నదానివి, నీకెలా తెలుస్తుంది?"

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి రోజు నుంచీ. నీ మెడ బాగుంటే నువ్వు ఆగవు, గంట ఆగదు, సూరప్పడు రాడు. అదీ సంగతి."

ఆ సాయంత్రం ఎద్దు మేత ముట్టలేదు. నూనె పిండాక మిగిలే ఆ తెలగపిండి దానిది కాదు, పోతే పోయింది. తన మెడ నక్కకు దొడ్డిదారి అయిందన్న మాటనే రాత్రంతా నెమరేసింది.

మర్నాడు నక్క మెడ తొక్కుతుండగా ఎద్దు ఆగిపోయింది.

"నడువు బావా."

ఎద్దు గిట్టలు నేలకు పాతుకుని నిలబడింది.

"పట్టేసిందా? ఎక్కడ?" నక్క దిగలేదు. పట్టేసిన చోటు కోసం మెడంతా పాదాలతో తడిమింది.

అప్పటికి సూరప్పడు గుమ్మంలో ఉన్నాడు. గంతల వెనక నుంచి ఎద్దుకు కర్ర చప్పుడు రెండుసార్లు వినిపించింది. తర్వాత మూడు కాళ్ల మీద ఏదో పరుగెత్తిన చప్పుడు.

"ఎలా పట్టించానో చూశావా?" అంది ఎద్దు గోరింకతో. మొదటి రోజు గర్వంగా అంది. రెండో రోజు కొంచెం మెల్లగా అంది. అయిదో రోజుకు మెడ మళ్లీ బిగిసింది.

"నువ్వు కాస్త తొక్కవూ?"

"నేను పది తులాలు తూగను. తొక్కితే నీకు దురద పుడుతుంది, అంతే."

తొమ్మిదో రోజు గోరింక మాటల్లో మాటగా అంది: "పెరట్లో కుప్పకు చీమలు పట్టాయి."

"ఏ కుప్ప?"

"సూరప్పడు ఎండకు పోసి మరిచిపోయిన తెలగపిండి. కాపలా లేదు, తలుపు లేదు. నక్క రోజూ అక్కడ కడుపునిండా తినే నీ దగ్గరికి వచ్చేది, పోతూ కరుచుకుపోయిందీ అక్కడిదే."

మేలు చేసే చేతిని కర్రకు పట్టించే ముందు, ఎందుకొచ్చావని ఆ చేతినే అడగాలి.