గోడ మీద శరభయ్య

నూకయ్య ఇంట్లో తెలివికి కరువు లేదు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిపోయిందనీ, అందుకే బయట ఎక్కడా కనబడదనీ నూకయ్య నమ్మకం. అతని పెళ్ళాం చిట్టెమ్మ నమ్మకమూ అదే. బావమరిది సన్యాసికి సొంత నమ్మకాలు లేవు, బావ నమ్మిందే చాలనుకునేవాడు.

నూకయ్య కూతురు పైడితల్లికి మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రి జోగినాయుడు పిల్లని చూశాడు, నచ్చిందన్నాడు, పోతూ పోతూ ఇంటి ముందరి గోడ చూసి మొహం చిట్లించాడు. ఆ చుట్టుపట్ల పెళ్ళింటి గోడ మీద చిలకలూ, అరటిచెట్లూ, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ బొమ్మ వేసి ఉండాలి. చేరడేసి కళ్ళతో, పూరీల్లా పొంగిన బుగ్గలతో ఆ బొమ్మ వేయడంలో పక్క ఊరి శరభయ్యది అందెవేసిన చెయ్యి. అందుకని దాన్ని ఎవరూ బొమ్మ అనరు, ఎవరు వేసినా శరభయ్య అనే అంటారు.

"బావగారూ, మా వంశంలో శరభయ్య లేని గోడ ముందు ఎవరూ పీటలెక్కలేదు. పెళ్ళినాటికి ఈ గోడ మీద మంచి శరభయ్య ఉండాలి. లేదంటే మా దారి మాదే," అని చెప్పి బండెక్కాడు జోగినాయుడు.

పైడితల్లి అంటే నూకయ్యకి పంచప్రాణాలు. శరభయ్య పక్క ఊళ్ళో ఉన్నాడు గనక సరిపోయింది, కాశీలో ఉంటే పిల్ల గతేం కాను అనుకుంటూ పరుగెత్తాడు.

పెళ్ళి ముందురోజు శరభయ్య రంగుల ముంతలతో దిగాడు. గోడకి అప్పటికే మేకులు దిగ్గొట్టి, ఎత్తుగా పలక బిగించి ఉంది. చెప్పకుండానే ఇంత ఏర్పాటు చేసిన ఇల్లు చూడలేదని మెచ్చుకుంటూ పెద్దాయన పలకెక్కి కూర్చున్నాడు. అంతే, సన్యాసి నిచ్చెన తీసేశాడు. రంగులు ఒలికితే గోడ పాడవుతుందని చిట్టెమ్మ ముంతలు పట్టుకుపోయి పెరట్లో పారబోసింది. శరభయ్య ముందు నవ్వాడు, తరవాత దగ్గాడు, ఆ తరవాత తిట్లకి దిగి నోట్లో తాంబూలం గోడ మీదే ఉమ్మాడు. నూకయ్య ఎంతో మర్యాదగా, రేపు మూడు ముళ్ళూ పడేదాకా కదలకుండా కూర్చోమనీ, అన్నం గెడకి కట్టి అందిస్తామనీ బతిమాలాడు.

ఆ కేకలకి పురోహితుడు వచ్చాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే నూకయ్యా, శరభయ్య అంటే ఈ మనిషి కాదురా. అదొక తీరు. ఆ తీరులో ఎవరు చేసినా శరభయ్యే."

ఇంకేముంది, నూకయ్యకి జ్ఞానోదయమైంది. మనిషి కాదని పురోహితుడే తేల్చాక ఇక మనిషెందుకు? శరభయ్యని దించి, తప్పుగా తీసుకొచ్చాం, మీరు కారట అని చెప్పి, చేతిలో అరటిపళ్ళు పెట్టి సాగనంపారు. పెద్దాయన వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు కావలసింది ఆ తీరు. అదెంత పని, పొద్దుటినుంచీ కళ్ళారా చూస్తూనే ఉన్నానన్నాడు సన్యాసి. అంతే, పలకెక్కాడు. దగ్గాడు, తిట్టాడు, తాంబూలం నమిలి ఉమ్మాడు. దగ్గు బాగానే ఉంది గానీ తిట్టు పలచబడిందని కింద నిలబడి నూకయ్య దిద్దాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదని చివరికి తనూ ఎక్కాడు. మర్నాడు పెళ్ళివారు దిగేసరికి ఆ చివరినుంచి ఈ చివరిదాకా గోడంతా ఎర్రబడి ఉంది.

జోగినాయుడు బండి దిగి నేరుగా గోడ దగ్గరికి వచ్చాడు.

"ఇది శరభయ్య కాదు బావగారూ. ఇది అచ్చమైన నూకయ్య. మీవాళ్ళ చేత ముందు ఈ నూకయ్యని శుభ్రంగా కడిగించండి. కడిగితేనే పెళ్ళి."

తన పేరు కూడా ఒక తీరైపోయినందుకు నూకయ్య కళ్ళు చెమర్చాయి. కానీ ముహూర్తం దగ్గర పడుతోంది. ఇంకేముంది, చిట్టెమ్మా సన్యాసీ చెరో చెయ్యీ పట్టుకుని అతన్ని నూతి దగ్గరికి లాక్కుపోయారు. కొబ్బరిపీచు పెట్టి తోమారు. ఒళ్ళు మండుతున్నా, కూతురి కాపురం కోసం నూకయ్య తనే అటూ ఇటూ తిరిగి తోమించుకున్నాడు.

ఇంత చేసినా జోగినాయుడు బండి కట్టించబోయాడు. కొడుకుని పిలిస్తే పలకడు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళాడు. పెళ్ళికొడుకు అప్పలసూరి పట్టుపంచె ఎగ్గట్టి, మామగారి వీపు తోముతున్నాడు.

"నాన్నా, కడగడం అయిపోవచ్చింది. రెండు పూతలు సున్నం కూడా వేసేస్తే బాగుంటుందేమో?"

జోగినాయుడు కొడుకుని చూశాడు. నూకయ్యని చూశాడు. ఇంత ఈడూ జోడూ కుదిరిన సంబంధం మళ్ళీ దొరకదని, మేళం అందుకోమని తనే కేకేశాడు.

పెళ్ళి దివ్యంగా జరిగింది. కన్యాదానం చేస్తున్నప్పుడు నూకయ్య ఒంటి మీద రెండో పూత ఇంకా ఆరలేదు.