గంజి పెట్టిన దేశం

మిట్టసీమ రాజు ఎర్రభూపతికి ఆ రోజు అన్నం సయించలేదు. పొరుగున ఉన్న పల్లపునాడు రాజు సోమిదేవుడు దూత చేత ఓ మాట చెప్పించాడు. అదీ నిండు సభలో.

“మీ దేశంలో విస్తరి వేసుకోవడానికి చదునైన చోటే లేదట కదా! పులుసు పోసుకుంటే పక్కవాడి విస్తట్లోకి జారిపోతుందట. పాపం, ఒకపూట మా ఇంటికి భోజనానికి రండి.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు కూడా.

“నా దేశం చదునుగా లేదా? పటం గీయించండి! లోకమంతా చూడాలి!” అని రాజు రంకెలు వేశాడు.

గీసే పని ఆస్థాన పండితుడు త్రిలోచనభట్టుది. గొప్ప చదువు. అంతకన్నా గొప్ప మెడ. ఆ మెడ కిందికి వంగగా చూసినవాళ్లు లేరు.

నెల తిరిగేసరికి పటం వచ్చింది. సభామందిరమంత తెల్లని నూలుబట్ట. గంజి పెట్టి, ముడత అన్నది లేకుండా చలువ చేయించారు. దాని మీద కోటలు, ఊళ్లు, తోటలు అన్నీ ఉన్నాయి. కొండ ఒక్కటీ లేదు. లోయ లేదు. లోయలో పారే ఉరుకులేరు ఊసే లేదు. మన కోట నుంచి సోమిదేవుడి కోట దాకా తిన్నగా ఒకటే గీత.

“ఇదేనయ్యా నా దేశం!” రాజు మురిసిపోయాడు. మురిసి ఊరుకుంటే బాగుండేది. నమ్మేశాడు.

“ఇంత దగ్గరా వాడి కోట! రేపు పొద్దున్నే దండు కదలాలి. సద్ది మూటలు కూడా వద్దు. మధ్యాహ్నం వాడింట్లోనే విస్తళ్లు వేద్దాం!”

సభకు చెమటలు పట్టాయి. అందరూ ఆ కొండలు ఎక్కి దిగినవాళ్లే. అయినా పటం చూసి తలలూపారు.

సింహాసనం వెనక తమలపాకుల అడపం పట్టుకుని ముమ్మక్క నిలబడి ఉంది. రాజుకు ఆకు చుట్టి ఇచ్చేది ఆవిడే. ఆమె చేతిలో ఆకు చిరిగింది. దండులో ముందు వరుస బల్లెం ఆమె కొడుకు మాచనది. ఖాళీ కడుపుతో ఆ లోయలోకి దిగాక, పైన కాచుకున్నవాళ్లు బండలు దొర్లిస్తే పిల్లలు ఎటు పోతారు?

ఇంకో ఆకు తీసింది. సున్నం రాసింది.  ఆకు చుడుతూనే అంది.

“ఏలినవారికి ఒక మనవి. ప్రస్థానం లేకుండా కదలకూడదు కదా?”

ప్రయాణానికి ముందు మంచి ఘడియలో ఆ దిక్కుగా నాలుగడుగులు వేసి రావడం ఆ సీమ ఆచారం.

“నిజమే. ఎవరు వేయాలి?”

“దారి గీసినవారే వేయాలి ప్రభూ. ఈ పటం మీదే, మన కోట నుంచి వాడి కోట దాకా. పటం పరిచి పూలు చల్లే పని నాకిప్పించండి.”

భట్టుగారి మెడ ఇంకో బెత్తెడు లేచింది.

తెల్లవారింది. మేళం మొదలైంది. సభంతా పటం. పటమంతా పిక్కల లోతు బంతిపూలు. మెట్ల కింద దండు బారులు తీరింది.

పట్టుపంచె కుచ్చిళ్లు సవరించుకుని భట్టుగారు మన కోట మీద కాలు పెట్టారు. చూపు రాజు మీద. ఓ అడుగు. ఇంకో అడుగు.

తర్వాతి అడుగు అత్తాకోడళ్లనే జంట కొండలు ఉండాల్సిన చోట పడింది. పూల కింద బట్ట. బట్ట కింద రెండు గుమ్మడికాయలు. కాలు అత్త మీద జారి కోడలి మీద పడింది.

“ఆఁ!”

మేళగాళ్లు అది మెచ్చుకోలు అనుకుని జోరు పెంచారు.

ఆపుకోలేక భట్టుగారు ముందుకు ఉరికారు. అక్కడ ముళ్ల అడవి. అంటే పనసకాయ. “అబ్బా!” అని గెంతారు. గెంతి తిన్నగా ఉరుకులేట్లో కూలబడ్డారు. అంటే నీళ్ల పళ్లెంలో. తలపాగా అటు పోయింది. నోట్లోకి బంతిపువ్వు వచ్చింది. మెడ, మొదటిసారి, కిందికి వంగింది.

“ఎవరే ఇక్కడ కొండ పెట్టింది?” పువ్వు ఉమ్మేసి ఆయన అరిచారు.

ముమ్మక్క చేతులు జోడించింది.

“దేవుడు పెట్టాడు స్వామీ. తమరు తీసేశారు. నేను మళ్లీ పెట్టాను.”

మేళం టక్కున ఆగింది. రాజు పటం వంక చూశాడు. గంజి పోయి, ముడతలు పడి, గుబ్బలు లేచి, ఓ పక్క తడిసిన బట్ట. అచ్చం తన దేశమే. ఆయన ముఖం కందిపోయింది. 

“అయితే ఆ సోమిదేవుడికి ఏం చెప్పమంటావు? మా దేశంలో పులుసు జారుతుందనా?”

“జారుతుందనే చెప్పించండి ప్రభూ.”

“ఏమిటీ!”

ముమ్మక్క భట్టుగారి వైపు చూసింది. ఆయన లేవబోయి మళ్లీ కోడలి మీద జారారు.

“మా దేశంలో పులుసే కాదు, దండెత్తి వచ్చినవాడూ జారతాడని.”

రాజు మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత సభంతా కదిలింది. మెట్ల కింద దండు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వింది.

రాజు చేతి కంకణం తీసి ముమ్మక్క చేతిలో పెట్టాడు. “ఇంకేం కావాలో అడుగు!”

“మావాడు రాత్రి నుంచి ఏమీ తినలేదు ప్రభూ.”

“దండును బల్లేలు దించమనండి! ఆ గుమ్మడికాయలు వంటశాలకు పంపండి. ఇవాళ అందరికీ ఈ మెట్ల మీదే విస్తళ్లు. పులుసు ఎటు జారితే అటే తిందాం!”

అలాగే కూర్చున్నారు. పులుసు జారింది. పై మెట్టున ఉన్న రాజుగారి విస్తట్లోంచి, తిన్నగా మాచన విస్తట్లోకి.