అడగకుండా ఊడ్చిన ముంగిస

అనగనగా ఒక అడవి. దాన్ని ఏలే సింహం కొలువులో ఒక కంప్యూటర్ ఉండేది. నవ్వకండి, ఉండేది.

అందులో ఒక్కో పనికి ఒక్కో కంటైనర్. అంటే ఆ పనికి కావలసిన సరంజామా అంతా సర్దిపెట్టిన పెట్టె. తేనె పంపకానికి ఒకటి, వాగు పొంగితే అందరినీ హెచ్చరించడానికి ఒకటి, ఇలా. పెట్టెలు పెరిగి పెరిగి డిస్కు నిండిపోయింది. పనులన్నీ నిలిచిపోయాయి.

"చోటు ఖాళీ చేయండి" అన్నాడు మృగరాజు.

ఆ పని చూసేవాళ్లు ఇద్దరు. మృదుల అనే గోరువంక, చండుడు అనే ముంగిస. గోరువంక గూటిగూటికీ, బొరియబొరియకీ వెళ్లి, "మీ పెట్టె ఆగి ఉంది, ఇంకా కావాలా?" అని అడిగేది. వద్దన్నవే తీసేసేది. పనులు మళ్లీ నడిచాయి. రాజు ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చండుడికి కడుపు మండింది.

మళ్లీ డిస్కు నిండింది. ఈసారి గోరువంక పెట్టెలు తయారుచేసే పాత అచ్చుల్లో ఎవరికీ అక్కర్లేనివి తీసేసింది, అదీ అడిగే. రాజు నిండు సభలో ఆమెకు మామిడిపండు తినిపించాడు. చండుడు ఆ పూట తిండి ముట్టలేదు.

"ఇల్లిల్లూ తిరిగేదానికి ఇంత గౌరవమా? నేనేం తక్కువ?" అని భార్య దగ్గర పళ్లు నూరాడు.

మూడోసారి నిండగానే గోరువంక కన్నా ముందే వెళ్లి కూర్చున్నాడు. ఆగి ఉన్న పెట్టెలన్నిటినీ, వాటిలో దాచిన సమాచారంతో సహా, ఒక్క దెబ్బకు ఊడ్చేశాడు. డిస్కు సగం ఖాళీ అయింది. మామిడిపండు దక్కింది. గోరువంక వైపు చూస్తూ మరీ తిన్నాడు.

"ఎవరెవరిని అడిగావు, అన్నా?" అంది గోరువంక.

"ఆగిపోయినవాటికి అడగడమేమిటి? నీకు కుళ్లు."

ఆమె మిగిలిన పెట్టెల్లో వెతికి చూసింది. వాగు పొంగితే హెచ్చరించే పెట్టె లేదు. ఎండాకాలం దానికి పనిలేదు, ఆగి ఉంటుంది. వానలు రాగానే తాబేలు తాత దాన్ని నడిపిస్తాడు. కొండల మీద అప్పుడే కుండపోతగా కురుస్తోంది.

అందరినీ హెచ్చరించడానికి గోరువంక ఎగిరింది. అడుగుతూ తిరిగిన పిట్ట కాబట్టి ఏ బొరియలో ఎవరుంటారో ఆమెకు తెలుసు. వాగొడ్డున మొదటిది చండుడి బొరియే. ఆమె కేక విని అతని భార్య పిల్లల్ని నోట కరుచుకుని గట్టెక్కిందో లేదో, బొరియ మునిగిపోయింది.

చండుడు తడిసిన పిల్లల్ని దగ్గరకు తీసుకుని సభకు వచ్చాడు.

"తప్పు నాదే, ప్రభూ. ఈమెను మించాలన్న కుళ్లుతో ఎవరినీ అడగలేదు."

"తాబేలు పోగేసిన వాగు సమాచారం ఇక తిరిగి రాదు" అన్నాడు రాజు. "అది మళ్లీ కూడేదాకా ఆయనతో పాటు గట్టున కాపలా ఉండు."

పక్కవారిని మించాలన్న అసూయతో పనిచేసేవాడు ముందుగా తన ఇంటినే ముంచుకుంటాడు.