పేరమ్మ పోతపోసిన గంట

అనగా అనగా, వినగా వినగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, చిత్రవాహిని అనే నది ఒడ్డున పింగళపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని కీర్తిధరుడనే రాజు ఏలేవాడు. ఆయన మనసు మంచిది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఒక ఏడు వసంతోత్సవానికి ఎక్కడి నుంచో ఒక వర్తకుడు నెయ్యి కుండలతో వచ్చాడు. "అచ్చమైన ఆవునెయ్యి! కమ్మని ఆవునెయ్యి!" అని వీధి వీధినా అమ్మాడు. అందులో సగం పాడైపోయిన కొవ్వేనని పిల్లలు మంచాన పడేదాకా ఎవరికీ తెలియలేదు. అలా పడ్డవారిలో రాజుగారి ఏడేళ్ల కూతురు కూడా ఉంది.

పది రోజులకు పిల్లలందరూ కోలుకున్నారు. రాజు కోపం మాత్రం చల్లారలేదు. వర్తకుణ్ణి పొలిమేర దాటించి, నగరమంతా చాటింపు వేయించాడు.

"నేటి నుంచి నా రాజ్యంలో అచ్చమైన వస్తువులే ఉండాలి. కలిపినదల్లా కల్తీ! కల్తీ చేసినవాడు రాజద్రోహి!"

ఆ ఆజ్ఞను అమలు జరపడానికి గుణనిధి అనే యువకుణ్ణి పరీక్షాధికారిగా నియమించాడు. గుణనిధి నిజాయతీపరుడు. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు. కానీ రాజుగారి మాటను ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కదలనివ్వడు.

మజ్జిగలో అల్లమూ ఉప్పూ కలిపారని చలివేంద్రాల కుండలు ఒలకబోయించాడు. సున్నంలో ఇసుక కలుపుతున్నారని గోడలు కట్టేవాళ్ల పని ఆపించాడు. ఇత్తడిలో రెండు లోహాలున్నాయని చెంబులన్నీ బండికెత్తించాడు. ఆఖరికి పులిహోర వండుకున్న ఇంటి ముందు కూడా భటులు వచ్చి నిలబడ్డారు.

జనం లోలోపల గొణుక్కున్నారు. 

ఇంతలో వానాకాలం దగ్గరపడింది. చిత్రవాహిని మామూలు నది కాదు. పొంగిందంటే పల్లపు ఊళ్లను ముంచెత్తేది. అందుకే కొండ కొమ్మున ఒక వరదగంట ఉండేది. అది మోగితే చాలు, పన్నెండు ఊళ్ల జనం పిల్లాపాపలతో, గొడ్డూగోదాతో మెరక మీదికి చేరుకునేవాళ్లు. ఆ ఏడు చూసుకునేసరికి గంట నిలువునా పగిలి ఉంది.

గంటలు పోతపోయడంలో ఆ నగరంలో కంచరి పేరమ్మను మించినవాళ్లు లేరు. ఆమెకు అరవై ఏళ్లు. భర్త పోయాక కూడా కొలిమి ఆరనివ్వకుండా తానే నిలబెట్టింది. ఆమె మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలుండేవి. ఎవరైనా చూసి అయ్యో అంటే, "ఇవి నా నగలమ్మా!" అని నవ్వేది.

రాజు ఆమెను పిలిపించాడు. "పేరమ్మా! కొత్త వరదగంట పోయాలి. అచ్చమైన రాగితోనే పోయాలి."

పేరమ్మ చేతులు జోడించింది. "క్షమించండి మహారాజా! రాగి ఒక్కటే అయితే గంట పలకదు. నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరం కలపాలి. అప్పుడది కంచు అవుతుంది. కంచే గొంతెత్తి పలుకుతుంది."

గుణనిధి గబుక్కున లేచాడు. "అంటే, కల్తీ చేస్తానని నిండు సభలోనే చెబుతున్నావన్నమాట!"

"కల్తీ చేసేవాళ్లు చెప్పరు కదయ్యా! నేను చెప్పే కలుపుతున్నాను."

"రెండూ ఒకటే!" అన్నాడు రాజు. "రాగితోనే పోయాలి. లేదా కొలిమి మూసుకో."

పేరమ్మ తల దించలేదు. "పలకని గంటను నా చేత్తో పోయలేను మహారాజా!" అని నమస్కరించి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే భటులు ఆమె కొలిమికి ముద్ర వేశారు.

రాజు వేరే పనివాళ్లను పెట్టి, అచ్చమైన రాగితో మొదటి గంట పోయించాడు. కొండ మీద కట్టి తాడు లాగారు. గంట 'దబ్' మంది. వంటింట్లో గుండిగ బోర్లా పడ్డట్టు ఉంది. కొండ దిగువన మేకలు మేపుకునేవాళ్లకే అది వినపడలేదు.

"అయితే అచ్చమైన తగరంతో పోయించండి," అన్నాడు గుణనిధి. రెండో గంట వెన్నెలలా మెరిసింది. తాడు లాగితే 'టప్' మంది. నాలుగు దెబ్బలకు అంచు లోపలికి సొట్టపోయింది.

పడమట నల్లమబ్బులు కమ్ముకున్నాయి. పల్లపు ఊళ్లవాళ్లు కోట ముందుకొచ్చి, "గంటేది మహారాజా? మేం పిల్లల్ని ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు. రాజు మళ్లీ పేరమ్మకు కబురు పంపాడు.

పేరమ్మ వచ్చింది. "గంట పోస్తాను మహారాజా! కానీ చాటుగా పోయను. కంచు కల్తీ కాదని ఈ సభలో అందరి ముందూ తేలాలి."

"తేల్చు. తేల్చలేకపోయావో, నీ కొలిమి ఇక ఎన్నటికీ తెరుచుకోదు," అన్నాడు రాజు.

పేరమ్మ ఒక గిన్నెడు నీళ్లు గుణనిధి ముందు పెట్టింది. "అయ్యా, ఇది అచ్చమైనదా? కలిసినదా?"

గుణనిధి గిన్నెను వెలుగులో పట్టి చూశాడు. "అద్దంలా ఉంది. పైనా కిందా ఒకే తీరు. అచ్చమైనదే."

పేరమ్మ గిన్నెను కుంపటి మీద పెట్టి, పైన చల్లని మూకుడు వాల్చింది. ఆవిరి మూకుడుకు తగిలి చుక్కలు చుక్కలుగా జారింది. ఆ చుక్కలను ఇంకో గిన్నెలో పట్టింది. నీళ్లన్నీ ఇగిరిపోయాక గిన్నె అడుగున తెల్లగా ఉప్పు మిగిలింది.

"ఇవి ఉప్పునీళ్లయ్యా! రెండు పదార్థాల మిశ్రమం. కంటికి మాత్రం ఒకటిగానే కనిపించింది. ఇప్పుడు ఈ పట్టిన నీళ్లు శుద్ధమైనవి. మళ్లీ కాచినా అడుగున ఏమీ మిగలదు."

గుణనిధి అలాగే కాచి చూశాడు. ఏమీ మిగల్లేదు. అతని ముఖం చిన్నబోయింది.

తర్వాత పేరమ్మ ఒక చెంబెడు పాలు పెట్టింది. ఈసారి రాజే తొందరపడ్డాడు. "అవి మా గోశాల పాలు! చుక్క నీళ్లు కలపలేదు. అచ్చమైనవే!"

"మనిషి ఏమీ కలపని మాట నిజమే మహారాజా! ఆవే కలిపి ఇచ్చింది," అంది పేరమ్మ. పాల మీద కట్టిన మీగడ తీసి ఒక పక్కన పెట్టింది. మిగిలిన పాలలో నిమ్మరసం పిండింది. పాలు విరిగి ముద్ద ఒక వైపు, తేట నీళ్లు ఒక వైపు అయ్యాయి. "మీగడ, ముద్ద, తేట. ఇన్ని కలిస్తేనే పాలు. అలాగని పాలు కల్తీయా? బిడ్డలకు పట్టడం మానేద్దామా?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు మీసం కింద నవ్వు దాచుకుని, "ఇంకా ఏమైనా ఉంటే చూపించు," అన్నాడు.

"మూడోది నా దగ్గర లేదు మహారాజా! అది మీ వేలికుంది."

అది రాజుగారి తాత తొడిగిన కెంపు ఉంగరం.

"మా తాతగారి ఉంగరాన్ని వేలెత్తి చూపుతావా!" రాజు సింహాసనం దిగి వచ్చాడు. పేరమ్మ అక్కడే నిలబడింది. ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

"నా మాట నమ్మవద్దు. మీ ఆస్థాన కంసాలిని అడగండి."

ముసలి కంసాలి అవధాని ముందుకొచ్చాడు. "ఆమె చెప్పింది నిజం ప్రభూ! మేలిమి బంగారం చాలా మెత్తన. కెంపును గట్టిగా పట్టి ఉంచలేదు. అందుకే మా తాత అందులో కొంచెం రాగి కలిపాడు. మీ తాతగారికి చెప్పే కలిపాడు."

"మరి ఇన్నాళ్లూ ఈ మాట నాతో ఎందుకనలేదు?"

"చాటింపు విన్నాక ధైర్యం చాలలేదు ప్రభూ!"

రాజు ఉంగరం తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. తన ఆజ్ఞ ప్రకారం తాతగారు కూడా రాజద్రోహే! ఆయన కోపం మంచులా కరిగిపోయింది.

పేరమ్మ నెమ్మదిగా అంది. "మహారాజా! లోపలంతా ఒకే పదార్థమైతే అది శుద్ధం. రాగి, తగరం, మేలిమి బంగారం అలాంటివి. రెండు మూడు పదార్థాలు చేరితే అది మిశ్రమం. పాలు, కంచు, మన పులిహోర అలాంటివి. ఏదైనా సరే, ఏ పనికి ఏది కావాలో అదే మంచిది. ఆ నేతి వర్తకుడు కలిపింది హాని, చెప్పింది అబద్ధం. నేను కలిపేది మేలు, చెప్పేది నిజం. మా ఇద్దరినీ ఒకే గాటన కడతారా?"

గుణనిధి తన ఆసనం దిగి వచ్చి ఆమె ముందు తల వంచాడు. "అమ్మా, దొంగల్ని పట్టుకుంటున్నాననుకుని పనిమంతుల్ని పట్టుకున్నాను. తప్పు నాది."

"నీలాంటి నిజాయతీపరుడు రాజ్యానికి కావాలి నాయనా! ఇకనుంచి కాచి చూసి, కరిగించి చూసి, అప్పుడు తీర్పు చెప్పు."

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ మార్చాడు. కలపవచ్చు. కానీ హాని చేసేది కలపకూడదు, కలిపినది దాచకూడదు. శుద్ధమైనదాన్ని శుద్ధమని, మిశ్రమాన్ని మిశ్రమమని చెప్పి అమ్మాలి.

కొలిమి ముద్రను గుణనిధే స్వయంగా విప్పాడు. రాగి కరిగింది. తగరం చేరింది. నగరమంతా చుట్టూ నిలబడి చూస్తుండగా పేరమ్మ అచ్చులో కంచు పోసింది. మూడో రోజున మట్టి అచ్చు పగలగొట్టారు. గంట బయటపడింది. దాని అంచున అక్షరాలున్నాయి: 'రాగి నాలుగు పాళ్లు, తగరం ఒక పాలు. పోసినది కంచరి పేరమ్మ.'

గంటను కొండెక్కించిన మర్నాడు ఉదయమే నది పొంగింది. రాజే తాడు లాగాడు.

ఖంగుమంది గంట! ఆ నాదం కొండ దిగి, పొలాలు దాటి, ఏటి అవతలి ఒడ్డుకు పాకింది. పన్నెండు ఊళ్ల జనం మెరక మీదికి నడిచారు. ముసలివాళ్లను భుజాల మీద ఎక్కించుకున్నారు. దూడలను చేతుల్లో ఎత్తుకున్నారు. మధ్యాహ్నానికి నీళ్లు ఇళ్ల చూర్లదాకా వచ్చాయి. ఒక్క ప్రాణం పోలేదు.

వాన వెలిశాక పొరుగు రాజ్యపు పడవవాళ్లు వచ్చి అడిగారు. "మా ఒడ్డుదాకా వినిపించింది, ఎవరిదయ్యా ఆ గంట?"

పింగళపురం జనం ఛాతీ విరుచుకుని ఒక్క గొంతుతో చెప్పారు. "మా పేరమ్మ పోసింది! రాగీ తగరం కలిపి పోసింది!"

పేరమ్మ కొండ మీద గంట పక్కనే నిలబడి ఉంది. రాజు ఆమెకు ముందు నమస్కరించాడు. ఆ తర్వాతే ఆమె నమస్కారం అందుకున్నాడు.

పిల్లలూ, నీతి ఇదే: మేలు కోరి కలిపి, కలిపింది ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లు తలెత్తుకుని నిలబడతారు; కలిపి దాచినదే కల్తీ.